క్రాంప్టన్ గారికి ముక్కు లేదట

ఆ మంగళవారం ఉదయం థియోఫిలస్ క్రాంప్టన్ గారు అనుకున్నది ఒకటే: బుద్ధిమంతుడిలా గుర్రబ్బండి దిగి ఓట్లడగాలి. ఆయన లండన్‌లో నాటకాలు రాసేవాడు, పార్లమెంటులో మాటలతో మంత్రుల్ని ఏడిపించేవాడు. వెక్కిరింపు బొమ్మలమ్మే దుకాణాలవాళ్లు మాత్రం ఆయన్ని పీపాలాంటి పొట్టతో, ఎర్రగా ఉబ్బిన ముక్కుతో అచ్చేసి కిటికీల్లో వేలాడదీసేవారు. ఆయనకు ఒళ్లు మండిపోయేది. అందుకే మూడు వారాలు మందు ముట్టలేదు. పొట్ట తగ్గింది, ముక్కు తెల్లబడింది.

"నన్ను కళ్లారా చూస్తే ఆ బొమ్మలు అబద్ధమని జనమే అంటారు," అన్నాడు భార్యతో.

"ఏమంటారో చూద్దాం లెండి," అంది హెస్టర్.

బ్రాంబుల్‌ఫోర్డ్ ఊరి ఉమ్మడి పచ్చిక బయలును కాజేయడానికి అక్కడి జమీందారు సర్ గిల్బర్ట్ కంచె వేయబోతే, పార్లమెంటులో అడ్డుపడింది క్రాంప్టన్ ఒక్కడే. అందుకే ఊరివాళ్లు ఆయన్ని ఏరికోరి సర్ గిల్బర్ట్ మీద పోటీకి పిలిచారు. ఆయన ఓడితే కంచె పడ్డట్టే, ఆవుల్ని తెగనమ్ముకోవాల్సిందే. అయితే ఆయన ముఖం వాళ్లు చూసింది సత్రం గోడమీది బొమ్మలోనే.

"నేనే క్రాంప్టన్‌ని!" అన్నాడు ఆయన బండి దిగి.

చెప్పులు కుట్టే ఓబడయా ఆయన్ని ఎగాదిగా చూశాడు. "మరి ముక్కేదీ?"

"ఇదిగో, ఇదే!"

"ఇదీ ఒక ముక్కేనా? మా క్రాంప్టన్ దొర ముక్కు ముందొస్తది, ఆయన తర్వాతొస్తాడు. నిన్ను గిల్బర్ట్ పంపాడు కదూ?"

ఆయన రుజువుగా తన నాటకంలోంచి ఒక పేజీ గడగడా అప్పజెప్పాడు.

"నాటకాలోడర్రా! వేషం కట్టుకొచ్చాడు!"

క్రాంప్టన్‌కు తిక్కరేగింది. "ఆ బొమ్మలోవాడు ఉత్త తాగుబోతు వెధవ!" అని అరిచాడు. తమ నాయకుణ్ణి అంత మాటంటే ఊరు ఊరుకుంటుందా? బురద ముద్దలు లేచాయి. క్రాంప్టన్ పక్షంవాళ్ల చేతిలో ఎవడో దెబ్బలు తింటున్నాడంటే తమవాడే అయ్యుంటాడనుకుని, గిల్బర్ట్ మనుషులు ఆయన్ని ఎత్తుకుపోయి తమ వేదిక మీద నిలబెట్టారు.

"శభాష్!" అంటూ సర్ గిల్బర్ట్ కావలించుకున్నాడు. "ఆ మాట ఇంకోసారి అనవయ్యా, గట్టిగా!"

క్రాంప్టన్‌కు ఏడుపొచ్చినంత పనైంది. తన పేరేమైనా కానీ, వీళ్ల పచ్చిక పోకూడదు. గొంతెత్తి, "ఆ బయలు మీది! కంచె వేయనివ్వకండి! ఓటు క్రాంప్టన్‌కే వేయండి!" అన్నాడు.

గిల్బర్ట్ నోరు వెళ్లబెట్టాడు. కానీ అప్పటికే ఓబడయా విసిరిన బంగాళాదుంప వచ్చి క్రాంప్టన్ ముక్కుకు తగిలింది. అందరూ చూస్తుండగానే ముక్కు ఎర్రబడి, ఉబ్బి, ఇంకా ఉబ్బింది.

ఓబడయా సత్రంలోకి పరిగెత్తి బొమ్మ పట్టుకొచ్చి పక్కన పెట్టి చూశాడు. "ముక్కొచ్చిందర్రా! దొరే! పగవాడి వేదికెక్కి మరీ తిట్టాడర్రా మన దొర!"

వెనక బండిలో వచ్చిన హెస్టర్, వాపు తగ్గడానికి వెనిగర్‌లో తడిపిన గుడ్డ తీసుకుని పరిగెత్తుకొచ్చింది. ఊరంతా ఒక్క గొంతుతో, "తగ్గించకమ్మా తల్లీ!" అని బతిమాలింది.

ఓటింగు ఆరోజే మొదలై మూడు రోజులు నడిచింది. క్రాంప్టన్ నలభై ఒక్క ఓట్లతో గెలిచాడు. ఆవులు పచ్చికలోనే మిగిలాయి. వాపు ఒక్క పూటకు మించి నిలిచే రకం కాదు కాబట్టి, మిగతా రెండు రోజులూ హెస్టర్ పొద్దున్నే సంతకు వెళ్లి గట్టి దుంప ఒకటి ఏరి తెచ్చింది.