ఇంకోసారి గారి సోలో

ఆ ఉదయం ఆయన వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదికి స్టూడియోకి వెళ్లాలి, పదింటికల్లా చివరి పాట పాడేయాలి, పన్నెండులోపు కంపెనీకి పంపేయాలి. పంపకపోతే ఆల్బమ్ అటకెక్కినట్టేనని కంపెనీ వాళ్లు ముందురోజే మహా మర్యాదగా చెప్పారు.

ఇరవై ఏళ్లుగా ఇతరులకు పాటలు రాసి, దగ్గరుండి రికార్డు చేయించిన మనిషి ఆయన. ఎవరెంత బాగా పాడినా రికార్డింగ్ గది అద్దం ఇవతల కూర్చుని "బాగుంది, ఇంకోసారి" అనేవారు. దాంతో లోకం ఆయన అసలు పేరు మరిచిపోయి "ఇంకోసారి గారు" అని ఖాయం చేసేసింది. ఇన్నాళ్లకు సొంతంగా ఒక రాక్ ఆల్బమ్ మొదలుపెట్టారు. తొమ్మిది పాటలు ఎలాగో గట్టెక్కాయి. పదోదాని దగ్గర చిక్కొచ్చిపడింది. పాడేదీ తనే, ఇంకోసారి అనేదీ తనే!

పదకొండు గంటలకు ఆయన నలభై మూడోసారి పాడుతుంటే, ఇంట్లో భార్య తన తల్లికి ఫోన్లో శుభవార్త చెబుతోంది.

"ఇన్నేళ్లూ అందరితో కలిసి చేశారు కదమ్మా, ఇకమీదట సోలోనేనట. శుక్రవారమే విడుదల."

అవతల మిక్సీ తిరుగుతోంది. ఆ రొదలో విడుదల కాస్తా అత్తగారి చెవిన విడాకులై పడింది.

"నువ్వు ఒప్పుకున్నావా?"

"ఒప్పుకోవడమేంటి, ఎగిరి గంతేశాను!"

అత్తగారు ఇంకేమీ వినలేదు. సగం గీసిన గడ్డంతో ఉన్న మామగారిని ఉన్నపళంగా లాక్కుని స్టూడియోకి బయలుదేరింది.

తలుపు మీద ఎర్రదీపం వెలుగుతుంటే లోపలికి రాకూడదని ఆవిడకు తెలియదు. తెలిసినా ఆ రోజు ఆగేది కాదు. తలుపు తోసేసరికి అల్లుడు కళ్లు మూసుకుని గొంతు చించుకుంటున్నారు.

"పదిహేనేళ్లు భరించాను... నువ్వు పోయాకే నిద్ర పట్టింది!"

పెళ్లయి సరిగ్గా పదిహేనేళ్లు. అత్తగారికి కళ్లు తిరిగినంత పనైంది.

"చాలు! ఇక ఆపండి!"

మామగారు గడ్డం మీది నురగ తుడుచుకుంటూ ముందుకొచ్చారు. "మా అమ్మాయి ఏం తక్కువ చేసిందయ్యా? నిద్ర కూడా పట్టనివ్వలేదా?"

"అయ్యో మామయ్యగారూ, ఇది జ్ఞానదంతం మీద రాసిన పాటండీ! పోయినేడే పీకించాను!" ఆయన నోరు బార్లా తెరిచి సాక్ష్యం చూపించారు. మామగారు కళ్లజోడు సవరించుకుని మరీ పరిశీలించారు. పన్ను లేని మాట నిజమే. అయినా అత్తగారు నమ్మక కూతురికి ఫోన్ చేసింది.

"విడాకులా? విడుదలమ్మా, విడుదల! పాటల విడుదల!"

అత్తగారు అక్కడున్న స్టూలు మీద కూలబడి, ఏడుస్తూనే నవ్వేసింది. ఆవిడను చూసి మామగారికీ ప్రాణం లేచొచ్చింది. అందరూ కుదుటపడ్డాక ఇంకోసారి గారు గడియారం వంక చూశారు. పన్నెండూ పది. ఆయన మొహం పాలిపోయింది.

"అయిపోయింది. ఏడాది కష్టం గంగపాలు."

అద్దం అవతల నుంచి సౌండ్ ఇంజనీరు తాపీగా అన్నాడు. "పంపేశాను సార్."

"ఎప్పుడు?"

"ఈ అమ్మగారు వచ్చి 'చాలు' అన్నప్పుడు. ఈ గదిలో ఎవరో ఒకరు ఆ మాట అనకపోతారా అని ఏళ్ల తరబడి చూస్తున్నాను."

"ఏది పంపావు?"

"పొద్దున మొట్టమొదట పాడిందే. ఆ తర్వాత పాడినవేవీ దానికంటే బాగాలేవు. కంపెనీ నుంచి జవాబు కూడా వచ్చింది. అదిరిపోయిందట."

ఇంకోసారి గారు గుండెల నిండా గాలి పీల్చుకున్నారు. ఏడాదిగా మోస్తున్న బరువు ఒక్క క్షణంలో దిగిపోయింది. పాట వినిపించమని ఇంజనీరుకు సైగ చేశారు.

మామగారు సగం గడ్డం నిమురుకుంటూ పాట చివరిదాకా విని, తల పంకించారు.

"బాగుంది. ఇంకోసారి."