ఐ, సి, ఇతో ముగిసేవన్నీ

ఇంగ్లిషు స్పెల్లింగు ఐ, సి, ఇ అనే మూడక్షరాలతో ముగిసేవన్నీ మే నెలలో ఒక సోమవారం ఉదయం మంచుగా గడ్డకట్టాయి. పట్టణంలో మొదట మునిసిపల్ ఆఫీసు, ఆ తర్వాత పోలీస్, నోటీస్, సర్వీస్, జస్టిస్ వరసగా బిగుసుకున్నాయి. పనుల్లో పెద్దగా తేడా రాకపోవడంతో మధ్యాహ్నం దాకా ఎవరూ గమనించలేదు. హోటళ్లలో రైస్ కూడా రాయిలా తయారైంది గానీ, బోర్డు మీద ‘అన్నం’ అని తెలుగులో రాయించగానే మళ్లీ పొగలు కక్కింది.

తమ వీధికి కుళాయి వేయమని రెండేళ్లుగా తిరుగుతున్న అసిరితల్లి ఆ రోజు కూడా ఆఫీసుకొచ్చింది. గుమస్తా కూర్మనాథం మఫ్లరు సర్దుకుని, మంచుగోడ లోపల ఆమె అర్జీని చూపించాడు. వేలిముద్రతో సహా స్పష్టంగా కనబడుతోంది.

“మరెప్పుడు కదుల్తాది బాబూ?”

“కదలదమ్మా. కానీ ఎక్కడికీ పోదు, చూశావుగా.”

ఆ భరోసా ఆమెకు నచ్చింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల బెంచీ మీద కాసేపు కూర్చుంటే ప్రాణం లేచొచ్చింది. వెళ్తూ గోడ నుంచి పెద్ద పెచ్చు విరిచి బిందెలో వేసుకుంది. ఇల్లు చేరేసరికి బిందెడు నీళ్లు.

మర్నాడు వీధి ఆడవాళ్లంతా బిందెలతో దిగారు. కూర్మనాథం టోకెన్లిచ్చి వరసలో నిలబెట్టాడు. ఆఫీసుకొచ్చిన జనం ఉత్త చేతులతో వెళ్లకపోవడం అతను చూడటం అదే మొదలు. ఆ సాయంత్రం ఇంట్లో భార్యకు ఆ మాటే రెండుసార్లు చెప్పాడు.

జూన్‌లో కొత్త కమిషనర్ వచ్చింది. హోటళ్ల సంగతి విని, గేటు బోర్డు మీద ఇంగ్లిషు చెరిపి ‘కార్యాలయం’ అని రాయిస్తే మంచు కరుగుతుందని, వారంలో కుళాయి వేయిస్తానని చెప్పింది. పెయింటరు నిచ్చెన ఎక్కుతుంటే అసిరితల్లి అడ్డం పడింది.

“నీకు కుళాయి వద్దా?” కమిషనర్ అడిగింది.

“ఏసినా దాన్లో నీళ్లొత్తాయో రావో ఎవులికి తెలుసమ్మా? ఇక్కడైతే రోజూ వత్తన్నాయి. ఒగ్గీండి.”

కమిషనర్ జనాన్నే అడగాలనుకుంది. గేటు దగ్గర మైకు పెట్టించి, పైన ‘పబ్లిక్ వాయిస్’ అని ఇంగ్లిషులో బ్యానరు కట్టించింది. ఆ వీధిలో కుళాయి కావాలనుకున్నది నీలవేణి ఒక్కతే. పసిపిల్లను చంకనేసుకుని అంత దూరం బిందె మోయలేకపోతోంది. మైకు ముందుకొచ్చి నోరు తెరిచింది. తెల్లటి ఆవిరి వచ్చింది, మాట రాలేదు. గట్టిగా ప్రయత్నిస్తే ఇంకాస్త ఆవిరి వచ్చింది.

అభ్యంతరాలేవీ వినబడనందున బోర్డు యథాతథంగా ఉంచాలని తీర్మానించారు. అందరూ చప్పట్లు కొట్టారు.

నీలవేణి కాసేపు గొంతు తడుముకుంది. లోపల చల్లగా ఉంది. ఎండన పడి వచ్చిన ప్రాణానికి అది హాయిగానే తోచింది. పిల్లను రెండో చంకకు మార్చుకుని, టోకెను కోసం వరసలో నిలబడింది.