ఒక్కటి కొడితే రెండు

కామారెడ్డిలో ఆ ఉదయం భూమక్క అనుకున్నది చిన్న పని. చాటలో ఆకు ఉన్నంతవరకు బీడీలు చుట్టి, కొడుకు శైలేందర్‌కు అన్నం పెట్టి, పుట్టింటికి పోయిన కోడలు అనిలను తీసుకురమ్మని ఎల్లారెడ్డి బస్సు ఎక్కించడం.

శైలేందర్‌ది ఇంట్లోంచే చేసే ఉద్యోగం. ఇక్కడ కూర్చుని ఎక్కడో ఉన్న కంప్యూటర్‌లోకి లాగిన్ అయ్యే సాఫ్ట్‌వేర్‌ను బాగుచేస్తుంటాడు. స్నేహితుడితో అతను ఫోన్‌లో అంటున్న మాటలు తలుపు చాటునుంచి వినిపించాయి.

“ఏం చెయ్యాలె చక్రధర్? నన్ను లోపలికే రానిస్తలేదు. నేను ఒక్కటి కొడితే రెండు పడుతున్నయి.”

భూమక్క చేతిలోని ఆకు జారిపోయింది. బుద్ధెరిగాక ఒకరి మీద చెయ్యెత్తని కొడుకు కోడలిని కొట్టాడా! అందుకేనా ఆ పిల్ల పదిరోజులుగా రానిది? వాణ్ని అడగడానికి ఆమెకు నోరు రాలేదు. చెప్పులేసుకుని బస్సు తనే ఎక్కింది.

ఎల్లారెడ్డిలో దిగి, కోడలి రెండు చేతులూ పట్టుకుంది. “ఏడ కొట్టిండు బిడ్డా, చూపియ్యి. వాణ్ని ఇంట్లకు రానియ్యకు. నేను నీ దిక్కే.”

“ఎవలు కొట్టిండ్రత్తమ్మా?” అని అనిల తెల్లబోయింది.

వాకిట్లో ఉన్న ఆమె తండ్రి ముత్తయ్యకు ‘కొట్టిండు’ అన్న మాట ఒక్కటే చెవినపడింది. కూతురు కాదన్నకొద్దీ, మొగుణ్ని వెనకేసుకొస్తోందని ఆయన కోపం పెరిగింది. ఆటో మాట్లాడి ఇద్దరినీ ఎక్కించాడు.

“ఎన్నిసార్లు కొట్టినవ్?” కామారెడ్డిలో అల్లుడి ఇంటి గుమ్మంలోంచే గర్జించాడు.

“పొద్దటిసంది వందసార్లు కొట్టి ఉంట మామా,” అన్నాడు శైలేందర్, తెర మీంచి చూపు తిప్పకుండా. “ఇప్పుడే మంచిగైంది.”

ముత్తయ్య ఆగిపోయాడు. పొద్దటినుంచి బిడ్డ తన ఇంట్లోనే ఉంది కదా!

“ఏందిరా నువ్వు కొట్టింది?” భూమక్క అడిగింది.

“ఎంటర్ బటనే అవ్వా! పేరు రాసి ఒక్కసారి కొడితే, లైను చివర ఒక గుర్తు ఎక్కువ పోయి, అటుదిక్కు రెండుసార్లు పడుతున్నది. రెండోదాన్ని ఖాళీ పాస్‌వర్డ్ అనుకొని నన్ను బయటికి పంపుతున్నది. ఆ గుర్తు తీసేసిన.”

అనిల పకపకా నవ్వింది. భూమక్క కొంగుతో మొహం కప్పుకుంది. కోడలు పక్కన కూర్చుని ఆ కొంగు మెల్లగా తీసింది.

“కొట్టిండనుకోంగనే కొడుకు దిక్కు గాక నా దిక్కొచ్చినవ్. ఇగ నాకేం కావాలె అత్తమ్మా?”

భూమక్క, కొంగు తీసిన ఆ చేతిని పట్టుకుంది. ఇక వదల్లేదు. ముత్తయ్య గొంతు సవరించుకుని చాయ్ అడిగాడు.

చివరికి అందరికీ క్షమాపణ చెప్పుకున్నది మాత్రం, పొద్దటినుంచి కుర్చీలోంచి లేవని శైలేందర్.