ప్రింటర్ గది పనివేళలు

ఒక ఇంట్లో ప్రింటర్ ఒకటీ, కంప్యూటర్లు రెండూ ఉంటే ఆ ఇంట్లో ప్రభుత్వం ఏర్పడినట్టే. దానికి ఎన్నికలు అక్కర్లేదు. ప్రింటర్ వైరు ఎవరి కంప్యూటర్‌కి తగిలించి ఉంటే వారిదే అధికారం.

ఈ ఇంట్లో ఆ వైరు మామగారి పాత కంప్యూటర్‌కి తగిలించి ఉంది. ఆయన ఉద్యోగమంతా బస్ స్టేషన్లో టికెట్ కౌంటర్ వెనక చేసి రిటైరయ్యారు. కోడలు హైస్కూల్లో లెక్కల టీచరు. ఆమె ల్యాప్‌టాప్ కొత్తది, ప్రింటర్ పాతది. కొత్తదాని మాట పాతదానికి అర్థం కాదు కాబట్టి, ఆమెకి ఏ కాగితం కావాలన్నా పాత కంప్యూటర్ మధ్యవర్తిత్వం చెయ్యాలి. అది మెలకువగా ఉండాలి. కాసేపు ఎవరూ ముట్టుకోకపోతే నిద్రపోతుంది. (దాన్ని తప్పుపట్టలేం. సర్వీసు ఎక్కువ.)

రెండింటినీ కలిపింది ఆమె భర్త. ఒక ఆదివారమంతా దానికే పోయింది. కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలంటే రెండూ ఒకే గ్రూపు పేరుతో ఉండాలట. పాతదాని పేరు మార్చడానికి వీల్లేదని మామగారు తేల్చేశారు. దాంతో కొత్తదాని ఇంటిపేరు మార్చారు. (కోడలికి ఈ విషయంలో అనుభవం ఉంది.) సాయంత్రానికి టెస్ట్ పేజీ వచ్చింది. ప్రింటర్ సక్రమంగా పనిచేస్తోందని దానిమీద ఉంది. ఆ తర్వాత ఆ ప్రింటర్ అంత నమ్మకంగా మరే పేజీ ఇవ్వలేదు.

మర్నాటి నుంచి నిబంధనలు అమల్లోకి వచ్చాయి. పాత కంప్యూటర్‌ని నిద్రపోనివ్వకుండా చూసే బాధ్యత మామగారు తీసుకున్నారు. అందుకోసం అందులో పేకాడతారు. ఆడుతున్నంతసేపూ అది మేలుకుని ఉంటుంది కనుక దాన్ని ఆట అనకూడదు, డ్యూటీ అనాలి. ప్రింటు కావలసినవారు ముందుగా గుమ్మం దగ్గరికొచ్చి ఎన్ని పేజీలో చెప్పాలి. తమ గదికి వెళ్లి బటన్ నొక్కాలి. తిరిగొచ్చి గుమ్మం బయటే నిలబడి కాగితం అందుకోవాలి. ఒంటిగంట నుంచి మూడింటి వరకూ కౌంటర్ మూసి ఉంటుంది.

"భోజనానికి రెండు గంటలెందుకండీ?" అని అడిగింది అత్తగారు.

"భోజనం గంటే. మిగతా గంట కౌంటర్ తెరవడానికి సిద్ధపడాలిగా."

"ఇన్నాళ్లూ ఆ కంతలోంచి ఊళ్లోవాళ్లని ఏడిపించారు. ఇప్పుడు మేం దొరికాం."

అర్ధసంవత్సర పరీక్షలొచ్చాయి. పదో తరగతి లెక్కల ప్రశ్నపత్రాన్ని మూడింటికల్లా పరీక్షల ఇన్‌చార్జికి అందజెయ్యాలి. కిందటిసారి ఆలస్యమైంది. ఈసారీ ఆలస్యమైతే పదో తరగతిని వేరేవాళ్లకిస్తామని ఆయన స్టాఫ్ రూములో అందరిముందూ చెప్పారు. స్కూల్లో ప్రింటర్ లేదా అని అడగవచ్చు. ఉంది. అది హెడ్‌మాస్టర్ గదిలో ఉంది, హెడ్‌మాస్టర్ సెలవులో ఉన్నారు, గది తాళంచెవి ఆయన జేబులో ఉంది. వీధి చివర జిరాక్స్ షాపు కూడా ఉంది. పదో తరగతి పిల్లలు సాయంత్రాలే కాదు, మధ్యాహ్నాలూ అక్కడే ఉంటారు. ప్రశ్నపత్రం అక్కడికి తీసుకెళ్తే విడిగా పరీక్ష పెట్టనక్కర్లేదు.

ఆమె పరుగున ఇంటికొచ్చేసరికి ఒంటిగంట దాటింది. మామగారు చెయ్యి తుడుచుకుంటూ మంచమెక్కుతున్నారు.

"మామయ్యగారూ, రెండే రెండు పేజీలు."

"పేజీలు కాదమ్మా, వేళ ముఖ్యం."

"మీరు లేవక్కర్లేదు. నేనే ఆన్ చేసుకుంటా. ఆ పాస్‌వర్డ్ ఏదో చెప్పండి చాలు."

ఆయన కొంచెం ఆలోచించారు.

"పాస్‌వర్డ్ కూడా చెప్పేస్తే ఇంక నేనెందుకు తల్లీ?" అని అటు తిరిగి పడుకున్నారు.

ఆమె భర్తకి ఫోన్ చేసింది.

"రీస్టార్ట్ చేసి చూశావా?" అన్నాడు.

"దేన్ని? మీ నాన్నగారినా?"

"ముందు నిద్రలేపు."

"అదే, ఎవర్ని?"

"ఎవరు ముందు లేస్తే వాళ్లని" అని మీటింగుందని పెట్టేశాడు.

మూడింటికి కౌంటర్ తెరిచారు. మామగారు కాగితాలు లెక్కపెట్టి, అంచులు సమంగా తట్టి, గుమ్మం ఇవతలికి అందించారు. ఆమె స్కూలు చేరేసరికి ఇన్‌చార్జి మరో టీచరు రాసిన పత్రాన్ని కవర్లో పెట్టి సీలు వేసేశారు. పదో తరగతి ఆ టీచరుకే వెళ్లింది. ప్రస్తుతం ఆమె ఆరో తరగతికి భిన్నాలు చెబుతోంది.

ఆమె తన జీతంలోంచి కొత్త ప్రింటర్ కొని తన గదిలో పెట్టుకుంది. పాతదానికి ఇంకు తయారుచెయ్యడం కంపెనీ అప్పటికే మానేసింది, ఉన్నది అయిపోగానే అది రిటైరైంది. కొత్త ప్రింటర్‌కి పాత కంప్యూటర్ మాట అర్థం కాదు. ఈ గదిలో నిబంధనలేవీ ఉండవని, ఎవరైనా ఎప్పుడైనా రావచ్చని ఆమె మొదటిరోజే ప్రకటించింది. ఆ ప్రకటన ప్రింటు తీసి తలుపుకి అంటించింది.

కొన్నాళ్లు ఎవరూ రాలేదు. స్కూలుకి సెలవున్న ఒక రోజున మామగారు గుమ్మం దగ్గరికొచ్చి బయటే ఆగారు. ఏటా పెన్షన్ ఆఫీసుకి తాను బతికే ఉన్నానని ఒక కాగితం పంపాలి. దానికి ఆవాళే ఆఖరు.

"ఒక్కటే పేజీ అమ్మా."

ఆమె అప్పుడే భోజనం చేసి నడుం వాల్చింది. గోడ గడియారం వైపు చూసింది. ఏం చెబుతున్నదీ తెలిసేలోపే నోట్లోంచి మాట వచ్చేసింది.

"పేజీలు కాదు మామయ్యగారూ, వేళ ముఖ్యం."

ఆయనకి కోపం రాలేదు. పని నేర్చుకున్న జూనియర్ని చూసినట్టు చూసి, మెచ్చుకోలుగా తలూపి, వరసలో నిలబడ్డారు. వరసలో ఆయన ఒక్కరే.

మూడింటి వరకూ ఆయన బతికి ఉన్నట్టు ఆ ఇంట్లో ఎక్కడా రుజువు లేదు.