పైడయ్య కలిపిన రంగు

సముద్రంలో చేపల వేట నిషేధం ముగియడానికి ఇంకా పది రోజులుంది. ఆ ఉదయం పైడయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య చిట్టమ్మ పక్కింటి అసిరమ్మతో కలిసి సింహాచలం కొండకు వెళుతుంది. ఆమె తిరిగి వచ్చేలోగా పడవకు రంగు వేసేయాలి. మధ్యాహ్నానికి పని అయిపోతే ఒక కునుకు కూడా తీయవచ్చు.

పెదజాలరిపేటలో ఈ రెండు నెలలూ పడవలన్నీ ఇసుక మీదే ఉంటాయి. మరమ్మతులు, కొత్త రంగులు అప్పుడే. తక్కిన వాళ్ళకు రంగు షాపులో దొరుకుతుంది. పైడయ్య రంగు మాత్రం ఏ షాపులోనూ దొరకదు. పెళ్ళయిన ఏడాది మూడు డబ్బాల్లో అడుగున మిగిలిన ఆకుపచ్చ, నీలం, పసుపు కలిపేసి పడవకు పూశాడు. దాన్ని ఆకుపచ్చ అందామంటే నీలం అడ్డొస్తుంది, నీలం అందామంటే పసుపు ఒప్పుకోదు. అప్పటినుంచి ఏటా పాత రంగు పక్కన డబ్బా పెట్టుకుని, రెండూ ఒకేలా కనిపించేదాకా కలిపి వేస్తూ వచ్చాడు.

ఇదంతా చిట్టమ్మ కోసమే. ఒక తుఫాను ఏడాది పైడయ్య పడవ రెండు రోజులు ఆలస్యమైంది. పేట పేటంతా ఒడ్డున నిలబడి చూస్తుండగా, ఎవరి కంటికీ ఏమీ ఆనకముందే చిట్టమ్మ "అదిగో మన పడవ" అంది. అది నిజంగానే పైడయ్య పడవ. "మన రంగు సాలు మావా, ఎంత దూరాన్నుంచైనా పోల్చీగల్ను" అని ఆమె తర్వాత చెప్పింది. ఒడ్డున ఎదురుచూసే మనిషికి అదొక్కటే ధైర్యమని పైడయ్య నమ్మకం. ఆ ధైర్యం చెడకుండా చూడటం తన బాధ్యత అనుకున్నాడు.

డబ్బాలు పట్టుకుని ఒడ్డుకు వెళ్ళేసరికి పడవ తెల్లగా, నున్నగా మెరిసిపోతోంది. పక్కన బావమరిది నాగబాబు గ్రైండింగ్ మిషన్ చేత్తో పట్టుకుని చెమట తుడుచుకుంటున్నాడు. అతను గాజువాకలో వెల్డింగ్ షాపులో పని చేస్తాడు. అక్క కాపురానికి సాయం చేయాలన్న ఆత్రం అతనికి ఎక్కువ, చేసేముందు అడగాలన్న ఆలోచన తక్కువ.

"నీకు పని నేకుండా సేసీసినాను బావా. పాత రంగు ఒక్క మరక ఉంచనేదు" అన్నాడు.

పైడయ్య డబ్బాలు ఇసుకలో దింపేశాడు. "ఒరే, మరి ఏటి సూసి కలుపుతాన్రా నాను?"

"రంగేనా? దానికేటి బావా. మూడూ కలిపితే అదే వచ్చీస్తాది."

తెలుగువాళ్ళకు కలపడం అన్న మాట మీద ఉన్నంత నమ్మకం ఇంకే మాట మీదా ఉండదు. అన్నం కలుపుతారు, చేతులు కలుపుతారు, రైల్లో పక్క సీటు మనిషితో మాట కలుపుతారు, పెద్దమనుషులు విడిపోయిన అన్నదమ్ముల్ని కలుపుతారు. దేనిలో ఏది కలిపినా మంచే జరుగుతుందని మనకొక గట్టి అభిప్రాయం. ఎక్కడ ఆపాలో మాత్రం ఆ మాట చెప్పదు.

పైడయ్యకు ముందు కూతురు సాయిదుర్గ గుర్తుకొచ్చింది. మధురవాడ ఆఫీసులో ఉన్న ఆ పిల్లకు ఫోన్ చేసి పడవ ఫోటో పంపమన్నాడు. ఆమె వెంటనే మూడు పంపింది. పొద్దున తీసిన ఫోటోలో పడవ నీలంగా ఉంది. సాయంత్రం తీసినదాంట్లో పసుపుగా ఉంది. మూడోదాంట్లో పడవతో పాటు పైడయ్య కూడా తెల్లగా, గులాబీ బుగ్గలతో ఉన్నాడు.

"ఇందులో ఏది నిజమే?" అని అడిగాడు.

"మూడూ నిజవే నాన్నా. మూడోది కొంచెం అందంగా సేసేను" అంది సాయిదుర్గ.

ఇక చేసేది లేక చిన్న డబ్బాలో కలపడం మొదలుపెట్టారు. మొదటిసారి చిలకపచ్చ వచ్చింది. నీలం పోస్తే మరీ చిక్కనైంది. అది విరగడానికి తెలుపు పోస్తే ఆసుపత్రి గోడలా పాలిపోయింది. పసుపు పోశారు. డబ్బా పొంగిపోయేలా ఉంటే బకెట్లోకి మార్చారు. ఇంతలో వలలు బాగు చేసుకుంటున్న వాళ్ళంతా లేచి వచ్చి చుట్టూ నిలబడ్డారు. ఒకాయన ఆ రంగు పచ్చి మామిడి తొక్కలా ఉండేదన్నాడు, ఇంకొకాయన అరిటాకు వెనక వైపులా ఉండేదన్నాడు. ఇద్దరి మాటా కాదనలేక ఇద్దరి కోసమూ కొంచెం కొంచెం కలిపారు. నాగబాబు మోటారు సైకిలు మీద మూడుసార్లు రంగుల షాపుకు పరిగెత్తాడు.

మూడోసారి వెళ్ళినప్పుడు షాపు యజమాని కృష్ణంరాజు, "ఎన్ని పడవలకేటి?" అని అడిగాడట.

"ఒక్కదానికే. కాని ఇంకా రంగు రానేదు" అని చెప్పి వచ్చాడు నాగబాబు.

మధ్యాహ్నం దాటేసరికి బకెట్టు చాలక నీళ్ళ డ్రమ్ములోకి మార్చారు. తెడ్డుతో కలియబెట్టీ కలియబెట్టీ పైడయ్య భుజాలు పడిపోయాయి. నాలుగు లీటర్లు సరిపోయే పడవకు నలభై అయిదు లీటర్లు తయారయ్యాయి. నాలుగు గంటల వేళ చెంచాడు నీలం పడింది. పైడయ్య తెడ్డు పైకెత్తి ఎండలో పట్టుకుని చూశాడు.

"ఇదే" అన్నాడు. అతని కళ్ళు చెమర్చాయి. నాగబాబు మొహం పక్కకు తిప్పుకుని, డ్రమ్ము మూత కోసం వెతుకుతున్నట్టు నటించాడు.

ఇద్దరూ కలిసి గంటన్నరలో పడవకు పూసేశారు. చిట్టమ్మను బస్టాపు నుంచి తీసుకురావడానికి వెళుతూ పైడయ్య, "మిగిలింది పారబొయ్యకురా, పాపం తగుల్తాది" అని అప్పగించాడు. నాగబాబు పారబోయలేదు. బావ చెప్పిన మాట మీద అతనికి గౌరవం.

మర్నాడు పొద్దున పైడయ్య ఒడ్డుకు వెళ్ళి పడవ మీద ఆప్యాయంగా చెయ్యి వేశాడు. "రంగింకా ఆరనేదు, ముట్టుకోకు పైడయ్యా" అన్నారు వెనకనుంచి. అది అతని పడవ కాదు. పక్కదాని దగ్గరకు వెళ్ళాడు, అదీ కాదు. తలెత్తి చూస్తే వరసగా పదకొండు పడవలు, అన్నిటికీ ఒకటే రంగు. పడవల నంబర్లు ఇంకా రాయలేదు. వాటిలో తనదేదో తెలుసుకోవడానికి పైడయ్య ఇంజన్లు చూసుకుంటూ వెళ్ళాల్సి వచ్చింది.

"మిగిలింది అందరికీ పంచీసినాను బావా. వేట నేని రోజులు కదా, వద్దన్నవోడు నేడు. అందరూ నీ పేరే సెప్పుకుంటన్నారు" అన్నాడు నాగబాబు సంతోషంగా.

"మీ అక్క మన పడవని ఎలగ పోలుస్తాదిరా?"

నాగబాబు చేతిలోని బ్రష్షు వీపు వెనక దాచుకున్నాడు.

తుడిచేయమని అడుగుదామంటే పైడయ్యకు నోరు రాలేదు. ఎదురైన ప్రతివాడూ చేతులు పట్టుకుని, తన పడవకు ఇంత మంచి రంగు ఎప్పుడూ పడలేదంటున్నాడు. ఇక చిట్టమ్మను ఒడ్డుకు రానీయకుండా చూడటం ఒక్కటే మిగిలింది. కుట్టే జెల్లీ చేపలు కొట్టుకొచ్చాయని ఆమెకు చెప్పాడు. చిట్టమ్మ అసిరమ్మకు చెప్పింది. అసిరమ్మ ఎవరికి చెప్పిందో గాని, సాయంత్రానికి పేటలో పిల్లలెవరినీ గడప దాటనీయలేదు. మర్నాడు కాలేజీ వాళ్ళు పాతిక మంది కెమెరాలు, గాజు సీసాలు పట్టుకుని వచ్చేశారు. వాళ్ళకు ఒక్క చేపా దొరకలేదు. నిన్ననే వెళ్ళిపోయాయని చెప్పి పైడయ్య వాళ్ళకు టీ పోయించాడు.

నిషేధం ముగిసింది. తెల్లవారకముందే పడవలన్నీ నీళ్ళలోకి దిగాయి. "ఇయ్యాల ఒడ్డుకు రాకు, నానే ఇంటికి ఒచ్చేత్తాను" అని పైడయ్య చిట్టమ్మకు నాలుగుసార్లు చెప్పాడు. ఆమె సరేనంది. ఆ సరే అన్న తీరు చూసి అతనికి నమ్మకం కలగలేదు.

ఆ రోజు పడ్డ చేపల మీద అతని మనసు లేదు. ఎండలో కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, ఒకేలాంటి పడవల్లో తనదేదో తెలియక తిరిగే మనిషే కళ్ళముందు కదిలింది. వల చిక్కుపడి ఆలస్యమైంది. పదకొండింటిలో అతని పడవే ఆఖరున ఒడ్డు చేరింది.

సరిగ్గా అది ఇసుక తాకిన చోట చిట్టమ్మ బేసిను పట్టుకుని నిలబడి ఉంది. చీర కుచ్చెళ్ళు మోకాళ్ళ దాకా తడిసిపోయి ఉన్నాయి.

పైడయ్య పడవ దిగడం కూడా మరిచిపోయి, "ఎలగ పోల్చీసినావు?" అన్నాడు.

"పోల్చనేదు. ఇది పదకొండోది" అంది చిట్టమ్మ.

"అదే. నా తప్పే. అన్నిటికీ ఒకటే రంగు అయిపోనాది."

"రంగుకేటి మావా. ప్రతి ఏడూ ఇంతే కదా. ఒచ్చిన ప్రతి పడవా మనదే అనుకోని ఎదురెల్తాను. మనది కాపోతే ఆలకేసి నవ్వీసి ఇంకోదానికి ఎల్తాను. మనదొచ్చీదాకా నాకదే పని."

"మరి తుఫాను నాడు అందరికన్నా ముందు నువ్వే అన్నావు, అదిగో మన పడవని."

"దానికి ముందొచ్చిన నాలుగు పడవలకీ అలగే అన్నాను. అవి మనవి కానేదు. ఆ నాలుగూ ఎవులికీ గుర్తునేవు" అంది చిట్టమ్మ, బేసిను చంక మార్చుకుంటూ.

పైడయ్య పడవ అంచు మీద కూలబడ్డాడు. ఆ నాలుగు పడవలూ ఒకదాని తర్వాత ఒకటి తనవి కాకుండా పోతుంటే, ఐదోదాని కోసం ఆమె నీళ్ళలో ఎలా నిలబడిందో తలుచుకుంటే గుండె నీరైపోయింది. ఇన్నేళ్ళూ ఆమెకు ధైర్యం ఇస్తున్నది తన రంగే అనుకున్నాడు. ఆమె మీద అతనికి ఎప్పుడూ లేనంత ప్రేమ పుట్టుకొచ్చింది, దానితో పాటు సిగ్గు కూడా వేసింది.

"మరి రంగు సూసి పోలుస్తానని నాతో ఎందుకు సెప్పినావే?"

"నువ్వంత ముచ్చటపడి కలుపుతుంటే కాదని ఎలగంటాను?" అని చిట్టమ్మ, ఇక దాచడం అనవసరం అనుకున్నట్టు, "నిజం సెప్పాలంటే ఆ రంగు నాకు నచ్చదు మావా" అంది.

పైడయ్య వరసగా నిలిచిన పదకొండు పడవల వంక ఒకసారి చూశాడు.

"మరి నీకే రంగిష్టం?" అని అడిగాడు.

ఇరవై ఏడేళ్ళ కాపురంలో ఆ ప్రశ్న మొదటిసారి వినబడటంతో, చిట్టమ్మ చేపల బేసిను నెత్తికెత్తుకుని, ఆలోచించుకోవడానికి రెండు రోజులు గడువు అడిగింది.