ఒకే డిస్కులో పెళ్ళి

అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక. ఒత్తులు తప్పితే మీరే సరిపెట్టుకోండి. నేను నిదానంగా రాస్తాను. మీరూ నిదానంగా చదివితే ఇద్దరం ఒకేసారి చివరికి చేరుకుంటాం.

రెండు వేల మూడులో, పుంగనూరులో, మా తమ్ముడు చెంగల్రాయుడి చిన్నకూతురు వెన్నెల పెళ్ళి ఎలాంటి కదలికా లేకుండా జరిపించాలని పెద్దలు తీర్మానించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను.

కారణం పెద్దకూతురి పెళ్ళి. ఆ పెళ్ళి వీడియోకు రెండు డిస్కులు పడతాయని మదనపల్లె స్టూడియో మునికృష్ణ చెప్పాడు. పెళ్ళి రెండు ముక్కలు కావడం అపశకునమని మా తమ్ముడు ఒక్కదాంట్లోనే ఇరికించమన్నాడు. ఇరికించాడు. తలంబ్రాల దగ్గరికి వచ్చేసరికి వధూవరులు గళ్ళు గళ్ళుగా విడిపోయారు. కుప్పంలో వియ్యంకుడు తిమ్మప్ప టీవీ ముందు కూర్చుని, "కోడలు యాడుండాదప్పా? టమాటా పెట్టెలు పేర్చినట్టుండాదే" అన్నాడట. ఆ రోజు మా తమ్ముడు అన్నం ముట్టలేదు. ఇప్పుడు వెన్నెలను ఇస్తున్నది ఆ తిమ్మప్ప చిన్నకొడుక్కే.

మా తమ్ముడు మునికృష్ణను మళ్ళీ పిలిపించాడు.

"సూడన్నా, కంప్యూటరు ప్రతి బొమ్మనూ కొత్తగా రాయదు. గోడ కదల్లేదనుకో, ఇందాకటి గోడే అని ఊరుకుంటాది. కదిలిందాన్నే మళ్ళా రాస్తాది. ఇన్ని గింజలు తలా ఒక దావన పడతాంటే అన్నీ రాసేదానికి చోటు యాడిది? మోటుగా గళ్ళు కొట్టి వదిలేస్తాది. రెండు డిస్కులు చేసుకో."

"ఆ మాటెత్తొద్దు. కదలకుంటే సాలు గదా?"

"సాలు. కానీ పెండ్లి గదన్నా."

"పెండ్లే. ఎవురూ కదలరు."

అన్నమాట నిలబెట్టుకున్నాడు. మైకులో ఇలా ప్రకటించాడు: "బంధుమిత్రులకు మనవి. మన వంశ గౌరవం దృష్ట్యా దీవించేవారు కూర్చున్న చోటి నుండే మనసులో దీవించవలెను." చీర కొంగులు ఎగురుతాయని మే నెలలో ఫ్యాన్లు ఆపించారు. నాదస్వరం వాయించే గంగులయ్యను బుగ్గలు పూరించకుండా వాయించమన్నారు. తాళి తర్వాత తలంబ్రాలు కూడా గింజ గింజగానే పోయాలని ముందే చెప్పి ఉంచారు. పెళ్ళికొడుకు మధ్యలో కునుకు తీశాడు. కదలలేదు కనుక అందరూ మెచ్చుకున్నారు. ముహూర్తం మాత్రం ఎవరి ఆజ్ఞా వినకుండా కదిలిపోయింది.

నన్ను వెనక స్తంభం పక్కన కూర్చోబెట్టారు. నాకు వేరే ఆజ్ఞ అవసరం లేకపోయింది. మా ఆయన పోయినప్పటి నుంచి పెళ్ళిళ్ళలో నాకు ఆ చోటే, ఆ కూర్చోవడమే.

అంతా సవ్యంగానే సాగేది. తాళి కట్టేటప్పుడు గట్టిమేళం మోగగానే పందిరంతా అలవాటు కొద్దీ లేచి అక్షింతలు కుమ్మరించింది. మా తమ్ముడే ముందు.

డిస్కు కుప్పం చేరింది. మా తమ్ముడు ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"ముఖాలు బాగుండాయా బావా?"

"ఒగ ముఖం బెమ్మాండంగా ఉండాదప్పా," అన్నాడు తిమ్మప్ప. "తక్కినయ్యన్నీ మళ్ళా టమాటా పెట్టెలే. ఆ స్తంభం కాడ కూసోనుండేది ఎవురు? పెండ్లికి వచ్చిండిందా?"

రెండు పెళ్ళిళ్ళకూ విడిదిలో ఆయనకు కాఫీ పోసింది నేనే.

మా తమ్ముడు, "మా అక్క" అన్నాడు.

కంప్యూటరు నా ముఖాన్ని మొదట ఒకసారి రాసుకుని, తర్వాత ఇందాకటిదే అని ఊరుకుందని మునికృష్ణ వివరించాడు. ఈ విద్య మనవాళ్ళకు కంప్యూటరు రాకముందే వచ్చు. కాకపోతే అది మొదటిసారైనా నిండుగా చూసింది. మీ ఇంట్లో పెళ్ళి డిస్కు ఉంటే, స్తంభం పక్కన ఎవరున్నారో ఒకసారి చూడండి.

— పాపక్క, అరవై మూడేళ్ళు, ప్రస్తుతం కుప్పంలో, వెన్నెల ఇంట్లో.