శ్రావ్య ప్రకటనల అధికారిణి

ఒక పెద్ద అడవిలో, నడి గుట్ట మీద, హెచ్చరికల ఆఫీసు ఉండేది. కార్చిచ్చు రేగినా, వేటగాళ్లు వలలు పట్టుకుని వచ్చినా అక్కణ్ణించి కేక వేసి అందరికీ చెప్పడం దాని పని.

ఆ కేక వేసేది మాణిక్యం అనే తీతువు పిట్ట. గొంతు పరమ కర్కశం. ఒకసారి విన్న జంతువు ఇక నిద్రపోయేది కాదు. అందుకే ఆ అడవిలో చాలామంది బతికున్నారు, అందుకే వాళ్లలో చాలామందికి తీతువంటే పడేది కాదు. దాని అరుపు అపశకునమని కుందేళ్లు పెళ్లిళ్లకు కూడా పిలిచేవి కావు.

ఆఫీసు పెద్ద పరాంకుశం అనే కొండముచ్చు. కొమ్మ మీద కూర్చుని కాళ్లు ఊపడం దాని ఉద్యోగం. ఆ పనిలో వంక పెట్టడానికి లేదు.

ఆ వేసవిలో తీతువు గుట్ట కింద గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టింది. కొండముచ్చు దగ్గరికి వెళ్లి అడిగింది.

"పరాంకుశంగారూ, పిల్లలు బయటికొచ్చేదాకా గుడ్ల దగ్గర్నుంచే కాపలా కాస్తాను. అక్కణ్ణించి కూడా నా కేక అడవంతా వినబడుతుంది. పులిగారు కిందటేడు చట్టం కూడా చేశారు కదండీ."

చేసిన మాట నిజమే. పక్క అడవి ఏనుగులు చూడ్డానికి వస్తున్నాయంటే, ఈ అడవిని ఏలే పులిగారు హడావుడిగా ఒక చట్టం చేశారు. పుట్టుకను బట్టి, ఈకలను బట్టి, గొంతును బట్టి పనిలో ఎవరికీ తేడా చూపకూడదు. గుడ్లు పెట్టిందని, పిల్లల్ని కన్నదని ఎవరినీ పనిలోంచి తీయకూడదు. ఫిర్యాదు చేసినవాళ్లను వేధించకూడదు. ఏనుగులు చెరుకు తిని, మెచ్చుకుని వెళ్లిపోయాయి. చట్టం మాత్రం ఉండిపోయింది.

కొండముచ్చు, సిబ్బంది వ్యవహారాలు చూసే ఊసరవెల్లిని పిలిపించింది.

"వరదయ్యా, ఈవిణ్ణి వదిలించుకునే దారేదైనా ఉందా?"

"లేదండీ. చట్టం ఒప్పుకోదు," అంది ఊసరవెల్లి, ఆకుపచ్చగా.

కొండముచ్చు పళ్లు బయటపెట్టింది.

"ఆవిణ్ణి తీయొద్దండీ," అని ఊసరవెల్లి నెమ్మదిగా కొండముచ్చు రంగులోకి వచ్చింది. "ఆ పోస్టు తీసేద్దాం. పోస్టు తీయడానికి కారణం చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదండీ."

మర్నాటికి కేక వేసే పోస్టు పోయింది. దాని బదులు 'శ్రావ్య ప్రకటనల అధికారిణి' అనే పోస్టు పుట్టింది. తీయని గొంతు ఉండటమే అర్హత. మంజుల అనే కోకిల ఎంపికైంది.

"గుడ్లు పెడితే సెలవు కావాలంటావా అమ్మా?" అని అడిగింది కొండముచ్చు.

"నాకెందుకండీ సెలవు? కాకి గూట్లో పెట్టేసి వస్తాను. మిగతాది ఆవిడే చూసుకుంటుంది."

"చూశావా వరదయ్యా, అంకితభావమంటే ఇదీ."

తీతువు ఫిర్యాదు చేసింది. ఫిర్యాదులు వినే సంఘానికి అధ్యక్షుడు కొండముచ్చే. ఊసరవెల్లి ఒక సభ్యుడు. ఆఫీసుకు సంబంధం లేనివాళ్లు ఒకరుండాలని నియమం కాబట్టి ఏట్లోంచి మొసలిని పిలిచారు.

"గుడ్లు పెట్టాననే నన్ను తీసేశారండీ," అంది తీతువు.

మొసలి వెంటనే కన్నీళ్లు పెట్టుకుంది.

"నిన్నెవరు తీశారమ్మా? పోస్టు పోయింది. ఆ సమయానికి నువ్వు అందులో ఉన్నావు," అంది కొండముచ్చు.

"మరి పోస్టు తీసేసిన రోజున నా గొంతు అపశకునమని మీరే నలుగురిలో అన్నారు కదా?"

"దాన్ని వివక్ష అనరమ్మా, ఆచారం అంటారు," అంది ఊసరవెల్లి.

ఫిర్యాదు కొట్టేశారు. మొసలి కన్నీళ్లు తుడుచుకుంటూ తీతువును పక్కకు పిలిచింది.

"నా మనసంతా నీ వైపే ఉందమ్మా. అవునూ, గుడ్లు ఎక్కడ పెట్టానన్నావు?"

తీతువు చెప్పలేదు. ఆ సాయంత్రమే గుట్ట చుట్టుపక్కల తీతువులు అరవకూడదని ఆజ్ఞ వచ్చింది. దానికీ ఫిర్యాదుకూ ఏ సంబంధమూ లేదని ఊసరవెల్లి అడక్కుండానే అందరికీ చెప్పి వచ్చింది.

కొన్నాళ్లకు, మిట్టమధ్యాహ్నం వేళ, పడమటి గాలికి కార్చిచ్చు రేగింది. కోకిల అందరికంటే ముందే చూసింది. ఉద్యోగధర్మం తప్పకుండా "మంట వస్తోంది" అనే చెప్పింది. కాకపోతే ఆ రెండు మాటలకూ అది తీసిన రాగానికి జింకలు కళ్లు మూసుకుని తలలూపాయి. కొండముచ్చు మళ్లీ ఒకసారి పాడమంది. పులిగారు తోక చాపుకుని హాయిగా కునుకు తీశారు.

గుట్ట కింద తీతువు ఏట్లో పొట్ట తడుపుకొచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తోంది. పొగ వాసన తగిలింది. అక్కడే ఉంటే గుడ్లను కాచుకోవచ్చు. లేస్తే అవి ఎండకూ మంటకూ వదిలేసినట్టే. పైనుంచి చప్పట్లు వినిపించాయి. ఇంకెవరూ చెప్పరని దానికి అర్థమైంది.

లేచింది. ఆజ్ఞ కాదన్న గొంతుతోనే అడవి ఈ చివర్నుంచి ఆ చివరికి అరుస్తూ తిరిగింది. జంతువులు ఉలిక్కిపడి ఏటికి పరుగెత్తాయి. అన్నీ దాటాక తీతువు వెనక్కి వచ్చింది. గులకరాళ్లు నల్లబడి ఉన్నాయి. తడిమట్టి వైపున్న రెండు గుడ్లు మిగిలాయి. రెండు కాలిపోయాయి. అది మళ్లీ ఏట్లో పొట్ట తడుపుకొచ్చి మిగిలిన రెండింటి మీద కూర్చుంది.

పులిగారికి తోక సగం పోయింది. దర్బారు పెట్టారు.

"తీతువును మళ్లీ పనిలో పెట్టండి."

"కుదరదు ప్రభూ," అంది కొండముచ్చు. "ఆ పోస్టు లేదు. పైగా ఆజ్ఞ మీరి అరిచినందుకు ఆవిడ మీద విచారణ నడుస్తోంది."

పులిగారు తోక వైపు చూసుకున్నారు. "అయితే ఆఫీసు పెద్ద అనే పోస్టు కూడా తీసేస్తున్నాను."

"కారణం ప్రభూ?"

ఊసరవెల్లి అప్పటికే పులిచారలు తెచ్చుకుంది. "కారణం చెప్పాలని చట్టంలో ఎక్కడా లేదండీ."

కేక వేసే పోస్టు మళ్లీ పెట్టి తీతువుకు ఇచ్చారు, దండ వేశారు. ఇకనుంచి చట్టాన్ని తూచా తప్పకుండా అమలు చేస్తామని పులిగారు ప్రకటించి, తీతువును రెండు మాటలు మాట్లాడమన్నారు.

"ఈ చట్టం కిందటేడూ ఉందండీ," అని, దండ అక్కడే పెట్టి, అది గుడ్ల దగ్గరికి వెళ్లిపోయింది.

నీతి: చట్టం ముందు అందరూ సమానమే, పులిగారి తోకకు నిప్పంటుకున్న రోజున.